ఢిల్లీనా, డీఎల్ఎఫ్‌నా, కలకత్తానా: మన దేశంలో మేలైన గోల్ఫ్ కోర్సు ఏది?

మన దేశంలో నంబర్ వన్ గోల్ఫ్ కోర్సు ఏదని ఎవరైనా అడిగితే చాలు, ఆడేవాళ్లు రెండు జట్లుగా చీలిపోతారు. గురుగ్రామ్‌లోని డీఎల్ఎఫ్ అని కొందరు, ఢిల్లీ గోల్ఫ్ క్లబ్ అని కొందరు. ఇంతలో ఒక పెద్దాయన కలకత్తాని మర్చిపోయారేంటని కోప్పడతాడు, బెంగళూరు వాళ్లు తమ కేజీఏ (కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్) కోర్సు గురించి మొదలుపెడతారు, ఇక ఆ మాటలకు అంతుండదు. నా వరస ముందే చెప్పేస్తాను: ఢిల్లీ మొదటిది, కలకత్తా రెండోది, డీఎల్ఎఫ్ మూడోది, బెంగళూరు నాలుగోది. ఐదో స్థానం హైదరాబాద్‌కి. అయితే హైదరాబాద్‌లో రెండు ఉన్నాయి కాబట్టి ఆ పంచాయితీ విడిగా తేల్చాలి.

నేను చూసేది ఒక్కటే. ఆ కోర్సులో ఆడేవాడు ప్రతి షాట్‌కీ బుర్ర పెట్టాల్సి వస్తుందా, ఏడాది పాటు అక్కడే ఆడితే ఆట బాగుపడుతుందా? క్లబ్‌హౌస్ ఎంత పెద్దది, స్పా ఉందా, డిజైన్ చేసిన విదేశీ ఛాంపియన్ ఎవరు అన్నవి నా లెక్కలోకి రావు. పేర్లకేం, పెద్దపెద్దవే ఉన్నాయి: గ్రేటర్ నోయిడాలో జేపీ గ్రీన్స్ గ్రెగ్ నార్మన్ డిజైన్, గురుగ్రామ్ అవతల క్లాసిక్ అనే కోర్సు జాక్ నిక్లాస్‌ది, శ్రీనగర్‌లో రాయల్ స్ప్రింగ్స్ రాబర్ట్ ట్రెంట్ జోన్స్ జూనియర్‌ది. అందానికే ర్యాంకులు ఇస్తే నేను కూడా శ్రీనగర్‌కే మొదటి స్థానం ఇస్తాను. ఒకవైపు జబర్వాన్ కొండలు, కింద దాల్ సరస్సు. ఇంకా పైకి వెళితే 2,600 మీటర్ల ఎత్తున గుల్‌మార్గ్ కోర్సు, అక్కడ గాలి పలచన కాబట్టి మామూలుగా కొట్టే దెబ్బకే బంతి ఇంకొంచెం దూరం పోతుంది. కానీ చలికాలంలో మంచు పడితే అక్కడ స్కీయింగే, గోల్ఫ్ ఉండదు. అవి జీవితంలో ఒక్కసారైనా ఆడాల్సిన చోట్లు, ఈ వరసలో మాత్రం పెట్టలేను.

ఇక అసలు పోటీకి వద్దాం. ఢిల్లీ, డీఎల్ఎఫ్ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలంటే మన ప్రొఫెషనల్ ఆటగాడు ఎస్ఎస్‌పీ చౌరాసియాని మించిన సాక్షి లేడు. ఇండియన్ ఓపెన్ 2016లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో జరిగింది, 2017లో డీఎల్ఎఫ్‌కి మారింది, రెండుసార్లూ గెలిచింది అతనే. ఢిల్లీలో పార్ (నిపుణుడికి పట్టాల్సిన షాట్ల లెక్క) కంటే 15 తక్కువ కొడితే రెండు షాట్ల తేడాతో గెలిచాడు. డీఎల్ఎఫ్‌లో పార్ కంటే 10 మాత్రమే తక్కువ, అయినా రెండో స్థానంలో ఉన్నవాడికీ అతనికీ ఏడు షాట్ల తేడా వచ్చింది! అంటే డీఎల్ఎఫ్‌లో మిగతావాళ్లు ఎంతగా తడబడ్డారో చూడండి. చౌరాసియా బంతిని దూరం కొట్టే మనిషి కాదు, అతని బలమంతా గ్రీన్ (బంతి వేయాల్సిన గుంత ఉండే నున్నటి గడ్డి) చుట్టుపక్కల నుంచి చిన్నగా లేపి కొట్టే చిప్పింగ్‌లోనూ, గ్రీన్ మీద దొర్లించే పటింగ్‌లోనూ ఉంది. పొడవాటి కోర్సులో దూరం కొట్టలేనివాడు ఏడు షాట్ల తేడాతో గెలిచాడంటే ఆ కోర్సు కండబలాన్ని మాత్రమే పరీక్షించడం లేదని తేలిపోయింది. డీఎల్ఎఫ్‌ని తీసిపారేసేవాళ్లతో నేను ఒప్పుకోనిది ఇందుకే.

ఇంకో సంగతి ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఈ రెండు కోర్సుల ఇప్పటి రూపం వెనక ఉన్నది ఒకే మనిషి, దక్షిణాఫ్రికా ఆటగాడు గ్యారీ ప్లేయర్. డీఎల్ఎఫ్‌లో 1999 నాటి ఆర్నాల్డ్ పామర్ కోర్సు ఉన్నచోట అతనికి బోలెడు స్వేచ్ఛ దొరికింది, మట్టి తవ్వి గుట్టలు పోసి, పాత క్వారీని కూడా ఆటలో కలిపేశాడు. ఢిల్లీలో 2019లో లోధీ కోర్సుని మార్చినప్పుడు చేతులు కట్టేసినట్టే, ఎందుకంటే అక్కడ మొఘలుల కాలపు సమాధులు, మండపాలు, దట్టమైన చెట్లు ఉన్నాయి, వాటిని కదిలించే వీల్లేదు. అందుకే గ్రీన్లు కొత్తగా వచ్చినా దారులు పాతవే. ఒకే డిజైనర్ అయినా రెండు కోర్సులకీ పోలికే లేదంటే ఆ తేడా నేలది. నా ఓటు ఢిల్లీకి పడటానికి ముఖ్యమైన కారణం ఇదే, అక్కడి కష్టం మనిషి తెచ్చిపెట్టింది కాదు.

ఢిల్లీలో టీ మీద, అంటే మొదటి దెబ్బ కొట్టే చోట, నిలబడితే ఏమనిపిస్తుందో చెప్తాను. ఎదురుగా సన్నటి ఫెయిర్‌వే, అంటే గ్రీన్ దాకా పోయే కత్తిరించిన గడ్డి దారి. రెండు వైపులా రఫ్ (ఎత్తుగా వదిలేసిన గడ్డి) అంటూ పెద్దగా ఉండదు, గడ్డి అంచు దాటగానే ముళ్లపొదలే. బంతి అందులోకి పోయిందా, కనిపించినా కొట్టడానికి చెయ్యి ఆడదు. లోపల నెమళ్లు తిరుగుతుంటాయి. ముందు నిలబడి బంతి ఎక్కడ పడిందో చూసే ఆగేవాలా తల అడ్డంగా ఊపితే జేబులోంచి ఇంకో బంతి తీయడమే. అందుకే బ్యాగులో అన్నిటికంటే దూరం కొట్టే, ఖరీదైన క్లబ్ (కర్ర) అయిన డ్రైవర్‌ని పక్కన పెట్టి చాలామంది దూరం తక్కువైనా గురి కుదిరే ఐరన్‌తో మొదలుపెడతారు. 2025 అక్టోబర్‌లో డీపీ వరల్డ్ ఇండియా ఛాంపియన్‌షిప్‌కి రోరీ మెకిల్‌రాయ్ వచ్చాడు కదా, ప్రపంచంలో డ్రైవర్ కొట్టడంలో అతన్ని మించినవాళ్లు అరుదు, అలాంటివాడే ఇక్కడ డ్రైవర్ వాడటం దండగని తేల్చేశాడు. ఆ టోర్నీ గెలిచింది టామీ ఫ్లీట్‌వుడ్, ఐరన్లతో గీత గీసినట్టు కొట్టే ఆటగాడు. 7,000 గజాల లోపు కోర్సు ప్రపంచ స్థాయి ఆటగాళ్ల చేతిలోని అతి పెద్ద ఆయుధాన్ని బ్యాగులోనే ఉంచేసిందంటే అంతకన్నా ఇంకేం కావాలి!

ఈ క్లబ్ 1931లో మొదలైంది. అలీ షేర్ చిన్నప్పుడు కేడీగా బ్యాగులు మోసింది ఇక్కడే, 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిందీ ఇక్కడే, ఆ టోర్నీ గెలిచిన మొదటి భారతీయ ప్రొఫెషనల్ అతను. ఒక్క లోపం మాత్రం పెద్దదే. సభ్యత్వం కోసం దశాబ్దాల తరబడి ఎదురుచూసేవాళ్లు ఉన్నారు, తెలిసిన సభ్యుడు లేకపోతే బయటివాళ్లకి సులువు కాదు.

డీఎల్ఎఫ్ 7,300 గజాలు దాటుతుంది, అసలు భయం మాత్రం గ్రీన్ల దగ్గరే. గ్రీన్ మీద బంతి పడింది కదా అని ఊపిరి పీల్చుకునేలోపు వాలు పట్టుకుని అవతలి అంచుదాకా జారిపోతుంది. 2019 ఇండియన్ ఓపెన్‌లో స్టీఫెన్ గాలకర్ చివరి రోజున ఏడో హోల్‌లో ఏకంగా 8 కొట్టాడు, పార్ కంటే నాలుగు ఎక్కువ, అయినా చివరి మూడు హోల్స్‌లో మూడు బర్డీలు (ఒక్కో హోల్‌లో పార్ కంటే ఒకటి తక్కువ) కొట్టి గెలిచాడు. టీవీలో చూడటానికి ఇంతకన్నా మంచి కోర్సు మన దేశంలో లేదు, అది ఒప్పుకుంటాను. కానీ 18 హ్యాండిక్యాప్ ఉన్న, అంటే రౌండ్‌కి పార్ కంటే సుమారు 18 ఎక్కువ కొట్టే, మామూలు ఆటగాడు అక్కడ సగం రౌండ్ అయ్యేసరికి స్కోరు రాయడం మానేస్తాడు, టెన్షన్ తప్ప నేర్చుకునేది తక్కువ. ప్రొఫెషనల్స్‌కి మొదటిది, మనకి మూడోది.

రెండో స్థానం రాయల్ కలకత్తాకి ఎందుకు? చాలామంది వయసు చూసి ఇచ్చాననుకుంటారు. నిజమే, 1829లో పుట్టిన క్లబ్ అది, బ్రిటిష్ దీవుల బయట అంతకంటే పాతది లేదు. కానీ నేను ఇచ్చింది చెరువులకి. బెంగాల్ నేల బల్లపరుపు, గుట్ట ఉండదు, వాలు ఉండదు, పైనుంచి చూస్తే ఇందులో ఏముంది అనిపిస్తుంది. అయితే నీటికి కొదవ లేదు. వర్షాకాలంలో నీళ్లు ఎక్కడికో పోవాలి కాబట్టి ట్యాంకులు తవ్వారు, అవే ఇప్పుడు ఒక హోల్ తర్వాత ఒక హోల్‌లో అడ్డం వస్తుంటాయి. చదును నేల మీద కంటికి దూరం అందదు, నీళ్లు దగ్గరున్నాయో దూరమున్నాయో తేలదు, ఏ క్లబ్ తీయాలో నమ్మకంగా చెప్పలేం. కొండా లోయా లేకుండా ఇంత తికమక పెట్టే కోర్సు నాకు తెలిసి ఇంకోటి లేదు. చౌరాసియా వాళ్ల నాన్న ఇక్కడే గ్రీన్‌కీపర్‌గా పనిచేశారు, కోచ్ లేకుండా ఇక్కడి గడ్డి మీదే అతను సొంతంగా ఆట నేర్చుకున్నాడు. ఆ పటింగ్ ఎక్కడినుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

బెంగళూరు కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ కోర్సు పీటర్ థామ్సన్ డిజైన్. బ్రిటిష్ ఓపెన్ ఐదుసార్లు గెలిచిన ఆస్ట్రేలియన్ ఆయన, 1964లో జరిగిన మొట్టమొదటి ఇండియన్ ఓపెన్ విజేత కూడా. చెట్ల మధ్య ఫెయిర్‌వేలు, అక్కడక్కడ నీళ్లు, బంతి తప్పుగా కొడితే శిక్ష ఉంటుంది గానీ తిరిగి కోలుకునే దారీ ఉంటుంది. అదితి అశోక్ ఐదేళ్ల వయసులో అమ్మానాన్నలతో టిఫిన్‌కి వెళ్లి, రెస్టారెంట్ ఎదురుగా జనం ఆడుతుంటే చూసి తనూ ఆడతానంది ఇక్కడే, టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది. వారం వారం ఒకే కోర్సులో ఆడే అవకాశం ఇస్తే నేను మిగతా మూడింటినీ వదిలి కేజీఏనే కోరుకుంటాను, వాతావరణం కూడా ఏడాది పొడవునా అనుకూలం. మరి నాలుగో స్థానం ఎందుకంటే పై మూడింటిలాగా గుండె ఝల్లుమనిపించే హోల్స్ తక్కువ.

ఇక హైదరాబాద్ పంచాయితీ. గోల్కొండలో నయా ఖిల్లా దగ్గర హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ కోర్సు, గచ్చిబౌలి వైపు బౌల్డర్ హిల్స్. కోర్సు వరకే చూస్తే బౌల్డర్ హిల్స్ మేలు, ఇందులో నాకు అనుమానం లేదు. పీటర్ హరాడిన్ దాన్ని గీసినప్పుడు 250 కోట్ల ఏళ్ల నాటి మన గ్రానైట్ గుండ్లని వీలైనంత అలాగే ఉంచాడు, ఎత్తుపల్లాలు బాగా ఉన్నాయి, బంతి రాయికి తగిలితే ఎటు ఎగురుతుందో దేవుడికే తెలియాలి. ఈ నేల మీద తప్ప ఇంకెక్కడా కట్టలేని కోర్సు అది. గోల్కొండది వేరే ఆకర్షణ: చుట్టూ కుతుబ్‌షాహీల కోటగోడ, లోపల వందల ఏళ్ల నాటి బావోబాబ్ చెట్టు, జనం హతియాన్ కా ఝాడ్ అంటారు దాన్ని. ప్రొఫెషనల్ టూర్‌లో గోల్కొండ మాస్టర్స్ జరిగేదీ అక్కడే. కాకపోతే కోట లోపల గోల్ఫ్ ఆడటమేంటని వారసత్వ కట్టడాల మీద ప్రేమ ఉన్నవాళ్లు అడిగే ప్రశ్నలో న్యాయం ఉంది, ఆ చెట్టునీ గోడల్నీ మామూలు జనం కూడా ఎప్పుడంటే అప్పుడు చూడగలగాలి. నా ఐదో స్థానం బౌల్డర్ హిల్స్‌కే. విశాఖలో ముడసర్లోవ దగ్గర ఈస్ట్ పాయింట్ కోర్సు ఈ ఐదింటి స్థాయిది కాదు గానీ, కొండలకీ సముద్రపు గాలికీ మధ్య ఆడాలంటే ఆంధ్రాలో దానికి సాటి లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి నేను చెప్పేది కూడా అదే.

వెళ్లాలనుకునేవాళ్లకి ఒక మాట. కాలం చూసుకోండి. మన ఫెయిర్‌వేల మీద ఎక్కువగా ఉండేది బెర్ముడా గడ్డి, వినాయకుడికి పెట్టే గరిక జాతే అది, చలి ముదిరితే ఎదగడం ఆపేసి రంగు మారిపోతుంది. డిసెంబర్ చివర్లో ఢిల్లీ, గురుగ్రామ్ వెళితే గోధుమరంగు నేల కనిపిస్తుంది, పైగా పొద్దున్నే పొగమంచుతో టీ టైమ్ గంటలకొద్దీ వెనక్కి జరుగుతుంది. ఆ రెండింటికీ అక్టోబర్ చివర గానీ మార్చిలో గానీ వెళ్లండి. కలకత్తాకి మాత్రం డిసెంబర్, జనవరి నెలలే మంచివి, అప్పుడు ఉక్కపోత ఉండదు, నడిచి ఆడొచ్చు. ఢిల్లీలో డ్రైవర్ మోసుకెళ్లకండి, ఆ చోటులో ఇంకో అరడజను బంతులు పెట్టుకోండి.