పిల్లల హనుకా పెట్టె: కొవ్వొత్తులు భేష్, కథ మాత్రం సగమే

ఐదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకని రాసి ఉన్న ఈ పెట్టె న్యూజెర్సీలో మా ఇంటి దగ్గరి బొమ్మల కొట్లో 30 డాలర్ల లోపే దొరికింది. మా వాడి క్లాసులో యూదుల పిల్లలున్నారు. డిసెంబరు వస్తే వాళ్ల ఎనిమిది రాత్రుల దీపాల పండుగ హనుకా గురించి వాడి ప్రశ్నలు మొదలవుతాయి, అందుకని కొన్నాను.

లోపల తొమ్మిది కొవ్వొత్తులు పట్టే రేకు స్టాండు, అంటే హనుకియా, 44 కొవ్వొత్తులు, చెక్క బొంగరాలు, బంగారు రేకు చుట్టిన చాక్లెట్ నాణేలు, ఓ పల్చటి కథల పుస్తకం, వంట కార్డు.

కొవ్వొత్తులకే పూర్తి మార్కులు. ఎనిమిది రాత్రులకు 44 ఎందుకని మా వాడు అడిగితే జవాబు చెప్పకుండా కాగితం, పెన్సిలు చేతిలో పెట్టాను. మొదటి రాత్రి ఒకటి, రెండో రాత్రి రెండు, అలా ఎనిమిది దాకా కూడితే 36. వాటిని వెలిగించడానికి రోజుకో షమాష్, అంటే సహాయక కొవ్వొత్తి, అవి 8. లెక్క కుదిరేసరికి వాడి మొహం చూడాలి! కొవ్వొత్తులు కుడి నుంచి ఎడమకు పెడతారు, వెలిగించడం మాత్రం ఎడమ నుంచి, ఆ రోజు కొత్తగా చేరినదాన్ని ముందు. ఇది బొమ్మలతో చక్కగా చూపించారు. శుక్రవారం షబ్బాత్ (యూదుల వారపు విశ్రాంతి రోజు) దీపాలకంటే ముందే వెలిగించాలని కూడా మర్చిపోకుండా రాశారు.

బొంగరాల దగ్గర మాత్రం చూసుకోలేదు. బొంగరం నాలుగు వైపులా ఒక్కో హీబ్రూ అక్షరం ఉంటుంది. ఆట కాగితం ప్రకారం నున్ పడితే ఏమీ రాదు, గిమెల్ పడితే మధ్యలో పోగేసిన నాణేలన్నీ మనవే, హే అయితే సగం, షిన్ అయితే మనమే ఒక నాణెం వేయాలి. తీరా పెట్టెలోని బొంగరాల మీద షిన్ లేదు, పే ఉంది. అలాంటివి ఇజ్రాయెల్లో తిప్పుతారు. ఆ నాలుగూ ఓ హీబ్రూ వాక్యంలోని మాటల మొదటి అక్షరాలు. గొప్ప అద్భుతం ‘అక్కడ’ జరిగిందని బయటి దేశాల బొంగరం చెబితే, ‘ఇక్కడ’ జరిగిందని ఇజ్రాయెల్ వాళ్లది చెబుతుంది. ఎంత మంచి ముచ్చట! దాని గురించి ఒక్క వాక్యం రాయలేదు. పిల్లలేమో షిన్ కోసం నాలుగు వైపులా తిప్పి తిప్పి చూశారు.

పుస్తకం అసలు నచ్చలేదు. ఆలయ దీపంలో ఒక్కరోజుకు సరిపడే నూనె ఎనిమిది రోజులు వెలిగిందట, కథ కంచికి. అంతియోకస్ రాజు యూదుల ఆచారాలను నిషేధించడం, జెరూసలేం ఆలయాన్ని అపవిత్రం చేయడం, మోదీయిన్ ఊరి మత్తతియా, ఆయన కొడుకులు తిరగబడటం, క్రీ.పూ. 164లో ఆ కొడుకుల్లో ఒకడైన యూదా మక్కబీ ఆలయాన్ని శుద్ధి చేయించడం, ఏదీ లేదు. చిన్నపిల్లలకు యుద్ధమెందుకు అనుకున్నారేమో. నరకాసురుణ్ణి వదిలేసి మనం దీపావళి చెబుతామా? పైగా చివరి పేజీలో రాత్రికో కానుక చొప్పున కానుకల గుట్ట వేసి పెట్టారు. మా వాడి స్నేహితుడి అమ్మమ్మగారు అది చూసి నవ్వారు. వాళ్ల చిన్నప్పుడు చేతిలో నాలుగు చిల్లర డబ్బులు పెట్టేవారట, అంతే. యూదులకు పాస్కా, యోమ్ కిప్పూర్ అనే పండుగలు హనుకా కంటే చాలా పెద్దవని ఆవిడే చెప్పారు.

లాట్కెల (నూనెలో వేయించే బంగాళాదుంప అట్లు) వంట కార్డు ఫర్వాలేదు. కోరిన బంగాళాదుంప, ఉల్లిపాయల నీళ్లు గట్టిగా పిండమని మాత్రం రాయలేదు. పిండకపోతే నూనెలో విడిపోతాయి.

ఆరేడేళ్ల పిల్లలుంటే కొనండి, కథ మాత్రం లైబ్రరీ పుస్తకంలోంచి చదివి చెప్పండి. స్టాండు కింద స్టీలు పళ్లెం పెట్టండి, మైనం బాగా కారుతుంది. చాక్లెట్ నాణేలు ఇంకో పొట్లం తెచ్చుకోండి, పెట్టెలోవి మొదటి రాత్రికే చాలవు.