పంచాయితీ అనుకోని పోయినాం, కాదంట (తిరుపతిలో కపుల్ కౌన్సెలింగ్, మా అనుభవం)

పెళ్లయ్యి 9 ఏళ్లు. ఆఖరి రెండేళ్లు మాత్రం ఒకే ఇంట్లో అద్దెకున్న ఇద్దరిలాగా ఉన్నాం, మా ఆయనకి శ్రీసిటీలో షిఫ్టులు, నేను పిల్లోడితో తిరుపతిలో. పెద్దోళ్లు రెండుసార్లు కూర్చోబెట్టి తప్పెవరిదో తేల్చి కాఫీలు తాగి పోయినారు, గొడవ ఇంకా పెద్దదయ్యింది. మా అన్న లాయర్ని కూడా కనుక్కున్నాడు, ఇద్దరి ఇష్టంతో విడిపోవాలన్నా హిందూ వివాహ చట్టంలో 13బీ సెక్షన్ కింద ముందు ఏడాది విడిగా ఉండాల, కేసేసినాక మామూలుగా ఇంకో 6 నెలలు ఆగాల అన్నాడంట. అంత కాలం పోయేదే కదా, రెండు నెలలు కౌన్సెలింగ్‌కిద్దాం అని ఒక కౌన్సెలర్ మేడమ్ దగ్గరికి పోయినాం.

మొదటి రోజే ఇద్దర్నీ విడివిడిగా పిలిచి ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఏమన్నా ఉందా అని అడిగింది. ఉంటే జంటగా కూర్చోబెట్టదంట, ఇక్కడ నోరు విప్పిన పాపానికి ఇంటికి పోయినాక దెబ్బలు పడతాయని. అక్కడే నాకు నమ్మకం కుదిరింది.

ఆమె మా ఆయన్ని గట్టిగా కడుగుతుందనుకున్నా. తీరా చూస్తే "నువ్వెప్పుడూ ఇంతే" అని నేను ఎన్నిసార్లన్నానో లెక్కపెట్టి చెప్పింది! "స్కూల్ ఫీజు కట్టలేదేం" అనడం వేరే, "నీకు ఇంటి ధ్యాసే లేదు" అనడం వేరే, మొదటిది పని మీద, రెండోది మనిషి మీద అంట. రోషమొచ్చింది, నిజం చెప్తున్నా. కానీ ఇంటికొచ్చి నా మాటలు నేనే వింటుంటే అట్లనే ఉండాయి.

ఆయనేమో గొడవ మొదలైతే మూగనోము. పొగరనుకునేదాన్ని. మేడమ్ చెప్పిందేందంటే, అమెరికాలో జాన్ గాట్‌మన్ అనే సైకాలజిస్ట్ జంటల్ని ల్యాబ్‌లో కూర్చోబెట్టి గుండె వేగం కూడా కొలిచినాడంట, అట్లా బిగుసుకుపోయేవాళ్లలో చానామందికి లోపల దడదడ కొట్టుకుంటా ఉంటుందంట, అది తగ్గడానికి కనీసం 20 నిమిషాలు కావాలంట. అందుకని రూలేందంటే, లేచి పోవచ్చు, కానీ ఎప్పుడొస్తావో చెప్పి పోవాల, వచ్చి ఆ మాట తేల్చాల. ఇప్పుడు మా ఇంట్లో "ఇరవై" అంటే ఆయన మిద్దె మీదికి పోతున్నట్టు. ఒకసారి ఇరవై అని పోయి గంటకొచ్చినాడు, చేతిలో మిరపకాయ బజ్జీలు. సరేలే అని తిన్నా.

6 సెషన్లు అయినాయి. మా అత్తకి పంపే డబ్బుల సంగతి ఇంకా తెగలేదు, కాకపోతే దాని గురించి పిల్లోడు నిద్ర లేచేంత అరుపులు లేవు.

నచ్చనివీ ఉన్నాయి. 45 నిమిషాలకి 1000 రూపాయలు, ఆదివారం సెలవు, షిఫ్టు వాళ్లకి కష్టం. రిసెప్షన్ అమ్మాయి పేరు గట్టిగా పిలుస్తుంది, తిరుపతిలో పక్క కుర్చీలో చుట్టాలే ఉంటారు తల్లీ! యాడికి పోయినా చదువేందో అడగండి, క్లినికల్ సైకాలజిస్ట్ అని చెప్తే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, మొహమాటం వద్దు.

ఇంకోటి, బ్రహ్మోత్సవాల్లో మాత్రం అపాయింట్‌మెంట్ పెట్టుకోవద్దండి, ఆ ట్రాఫిక్‌లో పోయేసరికి బండి మీదే ఇంకో గొడవైంది మాకు, ఇరవై అనడానికి మిద్దె కూడా లేదక్కడ.