కార్డు ఒక్కటి చాలునా, పాలసీ కూడా కావాలా?

పొగాకు వేలం మొదలైనది మొదలు టంగుటూరులోని మా ఎరువుల దుకాణానికి పాత బాకీలు కట్టడానికి వస్తున్న రైతులు రసీదు అందుకున్నాక ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "ఆరోగ్యశ్రీ కార్డు ఉంది గదన్నా, మళ్లీ ప్రైవేటు పాలసీ దేనికి?" నిరుడు మే నెలలో మా దంపతులిద్దరికీ నేను పాలసీ తీసుకున్న సంగతి ఊళ్లో తెలియడమే ఇందుకు కారణం. నిలబడి చెప్పేటంత చిన్న జవాబు కాదు గనుక రాస్తున్నాను.

కార్డును తక్కువ చేసి మాట్లాడేవారితో నేను ఏకీభవించను. 2007లో మూడు జిల్లాలతో మొదలై, ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మార్చుకుంటూ, ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న ఈ పథకం 3,257 చికిత్సలకు వర్తిస్తుంది. కుటుంబానికి ఏడాదికి 25 లక్షల రూపాయల పరిమితి 2023 డిసెంబరులో వచ్చింది. మన వంటి వారు ప్రీమియం కట్టి అంత పెద్ద రక్షణ కొనడం కష్టం. దీని అసలు గొప్పతనం మరొకటి ఉన్నది. నీకు షుగరు ఉందా, బీపీ ఉందా, చుట్ట తాగుతావా అని ఈ కార్డు అడగదు. రోగం వచ్చిన తరువాతనైనా మొదటి రోజునుంచే పనిచేస్తుంది. కనిగిరి వైపు మూత్రపిండాలు దెబ్బతిని వారం వారం డయాలసిస్ చేయించుకొనే కుటుంబాలను చూసినవారెవరూ కార్డు దండుగ అనరు.

అయితే జాబితాలో ఉన్న చికిత్స, జాబితాలో ఉన్న ఆసుపత్రి, ఈ రెండూ కలిసినప్పుడే కార్డు చెల్లుతుంది. 2019లో చెన్నై, బెంగళూరు, హైదరాబాదులలోని కొన్ని ఆసుపత్రులకు పథకాన్ని విస్తరించిన మాట నిజమే గాని, గుండెనొప్పి వచ్చిన రాత్రి మనవాళ్లు కారెక్కించి తీసుకుపోయే ఆసుపత్రి వాటిలో ఒకటై ఉంటుందన్న భరోసా లేదు. పైగా ప్రభుత్వం నుంచి బకాయిలు రాలేదని పథకంలో చేరిన ఆసుపత్రులే సేవలు నిలిపివేసిన సందర్భాలను 2025లో కూడా చూశాము. అదే ఏడాది సెప్టెంబరులో రెండున్నర లక్షల వరకు బీమా కంపెనీల ద్వారా, ఆపైన పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు ద్వారా చెల్లించే పద్ధతికి రాష్ట్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఎవరు చెల్లించినా ఆసుపత్రికి డబ్బు వేళకు అందితేనే రోగికి మంచం దొరుకుతుంది.

ప్రైవేటు పాలసీ సంగతికి వస్తే, అందరూ ప్రీమియం ఎంత, బీమా మొత్తం ఎంత అని అడుగుతారే తప్ప, పాలసీ కోసం నింపి ఇచ్చే ప్రతిపాదన పత్రంలో ఆరోగ్యం గురించి అడిగే ఆ నాలుగు గడుల సంగతి ఎవరూ ఎత్తరు. నా దృష్టిలో బేరమంతా తేలేది అక్కడే. ఇది చెప్పడానికి మా బావమరిది కథ ఒకటి చాలు. అతనికి ఐదేళ్లుగా షుగరు ఉన్నా, "రాస్తే ప్రీమియం పెరుగుతుంది బావా" అని ఏజెంటు అన్నాడని, ఆ గడిలో 'లేదు' అని పెట్టించాడు. పాలసీ తీసుకున్న నాలుగో ఏట చెన్నైలో గుండెకు స్టెంటు వేయవలసి వచ్చింది. ఆసుపత్రి కాగితంలో డాక్టరు చాలా ఏళ్లుగా మధుమేహం ఉన్నదని రాశాడు, కంపెనీ ఆ ఒక్క వాక్యం చూపించి క్లెయిమును తిరస్కరించింది. ఆ ఆసుపత్రి కార్డుకూ పనికిరాలేదు. రెండు లక్షల ఎనభై వేలు పొగాకు బేళ్లు అమ్మిన డబ్బులోంచి పోయాయి. నిజమే రాసి ఉంటే, పాత రోగాలకు కంపెనీ డబ్బు ఇవ్వని మొదటి కొన్నేళ్లు, అంటే ఆ పాలసీలో ఉన్న నిరీక్షణ కాలం, అప్పటికి పూర్తయి ఉండేది. ఏజెంటును నలుగురూ తిట్టారు గాని, సంతకం మాత్రం మా బావమరిదిదే.

ముందునుంచి ఉన్న రోగాలకు నిరీక్షణ కాలం మూడేళ్లకు మించకూడదని బీమా నియంత్రణ సంస్థ 2024లో నియమం తెచ్చింది, అంతకుముందు అది నాలుగేళ్లు. అరవై నెలలు విడవకుండా పాలసీ నడిపితే, మోసం రుజువైతే తప్ప, దాచారన్న కారణంతో క్లెయిమును కాదనడానికి వీలు లేదు. "ఐదేళ్లు గడిస్తే ఎవరూ అడగరు" అని ఏజెంట్లు చెప్పేది ఈ నియమాన్ని పట్టుకొనే. ఆ ఐదేళ్లలోపు ఏమీ రాదని మాత్రం వారు రాసి ఇవ్వరు. నాకు బీపీ, మా ఇంటావిడకు థైరాయిడు ఉన్నాయని మేము రాశాము. ప్రీమియం కొంత పెరిగింది, మూడేళ్లు ఆగమన్నారు, ఆగుతున్నాము. పొగాకు గడి దగ్గర మన ప్రాంతం వారికి నవ్వు వస్తుంది. పండిస్తావా అని అడగరు, తాగుతావా అని మాత్రమే అడుగుతారు.

ఒంట్లో ఏమీ లేనప్పుడు కొన్నవాడికి ఈ బాధ చాలావరకు లేదు. అందుకే నలభై దాటకముందే పాలసీ తీసుకోవడం మేలని నా గట్టి అభిప్రాయం. వ్యక్తిగత ఆరోగ్య బీమాపై ఉన్న 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి పూర్తిగా తీసివేశారు గనుక, నిరుడు నాకు పడిన ఆ భారం ఇప్పుడు కొనేవారికి లేదు. గది అద్దెకు పరిమితి ఉన్న పాలసీ జోలికి మాత్రం పోవద్దు. రోజుకు మూడు వేల పరిమితి పెట్టుకొని ఆరు వేల గదిలో దిగితే, గది అద్దెలోనే గాక, మందులు, ఇంప్లాంట్ల వంటివి మినహా డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు ఖర్చులలోనూ సగం కోత పడుతుంది.

రైతులకు మరొక మాట. ఏటా ప్రీమియం కట్టి పాలసీని కొనసాగించే పునరుద్ధరణ తేదీ వేలం డబ్బులు చేతికి వచ్చే నెలలో పడేటట్లు చూసుకోవాలి. ఏటేటా కట్టే పాలసీకి గడువు దాటాక ముప్పై రోజులే వెసులుబాటు. నాట్ల కాలంలో చేతిలో డబ్బు లేక ఆ ముప్పై రోజులూ దాటితే, అప్పటివరకు ఆగిన ఏళ్లన్నీ పోయి మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టుకోవాలి. నేను మే నెల ఎంచుకున్నది ఇందుకే.

బ్యాంకులో రెండు లక్షలు వేసుకుంటే చాలదా అని అడిగేవారున్నారు. అది పాలసీకి తోడుగా మంచిదే, బదులుగా మాత్రం కాదు. చీటీ పాటలు నమ్ముకోవడం గురించి చెప్పేదేమీ లేదు. 21,000 రూపాయలలోపు జీతంతో ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా, ఉన్నవారికి ఈ చర్చ అవసరమే తక్కువ. రోజూ వేసుకొనే షుగరు మాత్రల ఖర్చు కార్డు గాని, మామూలు పాలసీ గాని ఇవ్వవు. వాటికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమే దిక్కు, అక్కడ ఉచితంగా ఇస్తారు.

కార్డు ఉన్నవారు దానిని నిలుపుకొంటూనే, వయసులో ఉన్నవారి పేర పాలసీ తీసుకోవడం నాకు తోచిన దారి. అరవై దాటి షుగరు ముదిరినవారికి నేను పాలసీ చెప్పడం లేదు. ఆ ప్రీమియంతో వారు మందులు కొనుక్కోవడం నయం. డెబ్బై నిండాక ఆదాయంతో పని లేకుండా ఏడాదికి ఐదు లక్షల వరకు చికిత్స ఇచ్చే కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ పథకం 2024 అక్టోబరు నుంచి ఉండనే ఉన్నది.

మొన్న కొండపి నుంచి వచ్చిన అరవై రెండేళ్ల రైతుకు ఈ మాటే చెప్పి, వెంట వచ్చిన ఇరవై ఎనిమిదేళ్ల కొడుకు చేతికి ప్రతిపాదన పత్రం ఇచ్చాను. ఆ అబ్బాయి దుకాణం బయటికి పోయి సిగరెట్టు ముట్టించుకుంటూ దానిని చదువుతున్నాడు.