మ్యూజ్‌స్కోర్ 4లో తెలుగు పాట రాస్తే వత్తులు ఎక్కడ తేలుతాయి?

పాటల స్వరాలు రాసే, పైసా ఖర్చు లేని నోటేషన్ సాఫ్ట్‌వేర్లలో మ్యూజ్‌స్కోర్ 4ను మించింది లేదు. నల్లగొండ, పాలమూరు వైపు చర్చి క్వైర్లకు, స్కూల్ బ్యాండ్లకు స్టాఫ్ నోటేషన్ (ఐదు గీతల మీద స్వరాలు) రాసిచ్చేవాళ్లకు ఇది ధారాళంగా సరిపోతుంది. పేచీ అంతా తెలుగు అక్షరాలతోనే. 5కు 4 ఇస్తాం.

దాని సొంత ఫాంట్ ఎడ్విన్‌లో తెలుగు లేదు. కంప్యూటర్‌లో ఏ తెలుగు ఫాంట్ దొరికితే అది వచ్చి కూర్చుంటుంది. పైగా లైన్ల మధ్య ఎడం ఇంగ్లీషుకు సరిపోయేంతే. కంట్రోల్ ఎల్ నొక్కి స్వరాల కింద "ఉ-య్యా-లో" కొట్టి చూడండి: య వత్తు కిందికి దిగి రెండో చరణంలోని గుడిని గుద్దుకుంటుంది.

చాలామంది ఇక్కడే మౌస్‌తో ఒక్కో అక్షరాన్నీ లాగుతారు. వద్దు. లాగినవన్నీ సెలెక్ట్ చేసి కంట్రోల్ ఆర్ కొడితే యథాస్థానానికి వస్తాయి. తర్వాత ఫార్మాట్, స్టైల్, టెక్స్ట్ స్టైల్స్‌లోకి వెళ్లి లిరిక్స్ ఆడ్ లైన్స్, ఈవెన్ లైన్స్ రెండింటికీ నోటో సాన్స్ తెలుగు పెట్టాలి. ఈవెన్ మరిచిపోతే రెండో చరణం పాత ఫాంట్‌లోనే ఉండిపోతుంది. అదే స్టైల్ కిటికీలో లిరిక్స్ పేజీకి పోయి లైన్ హైట్ 130 శాతం చేస్తే వత్తుకూ గుడికీ మధ్య గాలి ఆడుతుంది.

"పల్లవి", "చరణం" లాంటి మాటలది వేరే తంటా. కంట్రోల్ టీతో పెట్టిన స్టాఫ్ టెక్స్ట్ ఏదో ఒక స్వరానికి కట్టి ఉంటుంది. దాన్ని రెండు బార్ల (నిలువు గీతల మధ్య గడుల) అవతలికి లాగినా ముడి పాత స్వరం దగ్గరే. లైన్ విరిగిందంటే "చరణం" పై లైన్ చివర మార్జిన్‌లో వేలాడుతుంది. లాగకుండా కట్ చేసి, అసలు స్వరాన్ని సెలెక్ట్ చేసి పేస్ట్ చేయాలి. ఆల్టో, టెనార్ గొంతులవాళ్లకిచ్చే విడి కాగితాల్లోనూ ఆ మాట కనబడాలంటే సిస్టమ్ టెక్స్ట్ వాడాలి, కంట్రోల్ షిఫ్ట్ టీ.

ప్రింట్‌కు జిరాక్స్ షాపుకి పోయేటప్పుడు అసలు ఫైలు కాదు, ఏ4 సైజు పీడీఎఫ్ పట్టుకెళ్లండి. అసలు ఫైలులో ఫాంట్ పేరే ఉంటుంది, ఫాంట్ ఉండదు. షాపు కంప్యూటర్‌లో అది లేకపోతే వత్తులు మళ్లీ గుళ్ల మీదికే.