మంచు ట్రెక్కింగ్ సామగ్రి కొనే హైదరాబాద్ వాసులకు హెచ్చరిక

ఈ చలికాలం ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ వంటి మంచు శిఖరాలకు సిద్ధమవుతున్న నగరవాసులు, మంచులో జారకుండా బూట్లకు తొడిగే సామగ్రిలో తేలికరకమైన మైక్రోస్పైక్‌లను, గట్టిరకమైన క్రాంపాన్‌లని చెప్పి అమ్మే దుకాణాల పట్ల జాగ్రత్తగా ఉండాలని మనవి. నగరంలోని ఒక దుకాణంలో అలా నమ్మి నేను కొన్న మైక్రోస్పైక్‌ల జత, సుమారు 3,800 మీటర్ల ఎత్తున్న ఆ శిఖరానికి చేర్చే చివరి రిడ్జ్ (కొండ వెన్ను) మీద, మోకాలి లోతు మంచులో చేతులు కూడా ఆనించి ఎక్కుతుండగా, రబ్బరు పట్టీ దగ్గర తెగిపోయింది. గైడు క్షేమంగా కిందికి దించారు గాని, శిఖరం చేరకుండానే తిరిగి రావలసి వచ్చింది.

క్రాంపాన్ అంటే గట్టి అడుగున్న బూటుకు బిగించే ఉక్కు చట్రం. దానికి సాధారణంగా పదో పన్నెండో పొడవాటి కోరలు ఉంటాయి. మైక్రోస్పైక్‌లో ఉండేవి రబ్బరు పట్టీకి గొలుసులతో అమర్చిన పొట్టి ముళ్లు. నలుగురూ నడిచి గట్టిపడిన బాటమీద అవి చక్కగా పనికివస్తాయి. మెత్తటి లోతు మంచులో మాత్రం ముల్లు దిగడానికి గట్టి పొర దొరకదు, పైగా గొలుసుల మధ్య మంచు ముద్దకట్టి కాలు మరింత జారుతుంది. నిజానికి అటువంటి చోట క్రాంపాన్ వల్ల కూడా పెద్ద ప్రయోజనం ఉండదు, బూటు మొనతో తన్ని మెట్టు చేసుకుంటూ ఎక్కవలసిందే. కాబట్టి ‘ఎంత లోతు మంచులోనైనా పట్టు తప్పదు’ అన్న దుకాణదారు మాట రెండింటి విషయంలోనూ అబద్ధమే.

ఆ దుకాణంలోనే ‘వాటర్‌ప్రూఫ్’ అని అంటగట్టిన బూట్లు కుట్ల దగ్గర నీరు పీల్చాయి. బూటు పై అంచు నుంచి మంచు లోపలికి జారకుండా కాపాడే గైటర్ల ప్రస్తావనే వారు తేలేదు. తడి మేజోళ్లలో కాలివేళ్లు మొద్దుబారడం మంచుకాటుకు తొలి సూచన కావచ్చు కనుక దీన్ని చిన్న లోపంగా కొట్టిపారేయడానికి వీల్లేదు.

మన ఊళ్లో మంచు లేకపోయినా పరీక్షకు దారి ఉంది. స్పైక్‌లను రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచి, తీసిన వెంటనే బూటుకు తొడిగి లాగి చూడండి; నాసిరకం రబ్బరైతే గట్టిపడి పగుళ్లు రావచ్చు. బూట్లలో పాత వార్తాపత్రిక కుక్కి, చీలమండ దాటకుండా బకెట్ నీటిలో గంటసేపు నిలబెడితే, కాగితం తడిసిందీ లేనిదీ తెలిసిపోతుంది. వాపసు గడువు ఎంతో ముందే అడిగి, ఆలోపే ఇవన్నీ ముగించండి.

వాడిన వస్తువు వెనక్కి తీసుకునేది లేదని దుకాణం తేల్చిచెప్పింది. బిల్లులో ‘ట్రెక్కింగ్ సామాన్లు’ అని మాత్రమే ఉండటం వారికి కలిసివచ్చింది. వస్తువు పేరు, రకం, మోడల్ స్పష్టంగా రాసిన జీఎస్టీ బిల్లు పట్టుబట్టి తీసుకోండి. ఇప్పటికే నష్టపోయినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడ తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రెండేళ్లలోగా జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. అందుకు తెగిన పట్టీయే సాక్ష్యం కాబట్టి దాన్ని పారవేయకండి.