విమానం రెక్క మీద టేపు చూసి దిగిపోయే ముందు ఇది చదవండి

పోయిన నెల మాకు జరిగింది ఇంకెవరికీ జరగకూడదని రాస్తున్నాను. శంషాబాద్ నుంచి కాశీకి మూడు టికెట్లు కొని, విమానం ఎక్కి కూర్చుని, అది ఎగరకముందే దిగిపోయాం. దగ్గర దగ్గర 20 వేలు పోయాయి. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి ఎయిర్‌లైన్స్ పేరు రాయడం లేదు.

నాన్న సంవత్సరీకం అయ్యాక కాశీ తీసుకెళ్తానని అమ్మకి మాటిచ్చాను. అత్తయ్య కూడా వస్తానన్నారు. ఉప్పల్ నుంచి తెల్లవారకముందే క్యాబ్‌లో బయల్దేరాం. చెక్ ఇన్, సెక్యూరిటీ అన్నీ సాఫీగానే అయిపోయాయి. అమ్మని కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. మా వరస రెక్కకి కాస్త వెనకగా ఉంది. ఎండ పడగానే రెక్క మీద నాలుగు వెండి రంగు పట్టీలు మెరిశాయి. ఏసీ పైపులకి చుట్టే టేపు ఉంటుంది చూడండి, అచ్చం అలాగే. మూడు పట్టీలు గట్టిగా అతుక్కుని ఉన్నాయి, వాటి అంచుల వెంట సన్నటి నల్ల మురికి గీత. నాలుగోదాని మూల మాత్రం వేలెడంత పైకి లేచి గాలికి కొట్టుకుంటోంది. విమానం ఇంకా కదలనే లేదు.

"ఏమే, అది ఊడొస్తోందే" అంది అమ్మ. 2025 జూన్‌లో అహ్మదాబాద్ ప్రమాదం జరిగినప్పుడు రెండు రోజులు టీవీ ముందు నుంచి లేవని మనిషి.

క్యాబిన్ సిబ్బందిలో ఒకమ్మాయిని పిలిచి చూపించాను. కిటికీ వైపు వంగి చూడను కూడా చూడలేదు. "నార్మలే మేడమ్, ఏం కాదు" అంది. ఒక్కసారి కెప్టెన్‌కి చెప్పమని అడిగాను. "అన్నీ చెక్ చేసే ఉంటాయి మేడమ్. మీకంత భయమైతే దిగిపోవచ్చు" అంది. అప్పటికే అమ్మ చేతులు చల్లబడిపోయాయి, అత్తయ్య ఆంజనేయ దండకం మొదలుపెట్టారు. నాకూ ఏం తోచలేదు. దిగిపోతామన్నాను. మా బ్యాగులు వెతికి దించేదాకా విమానం ఆగింది. వెనక సీట్లవాళ్లు విసుక్కోవడం వినబడుతూనే ఉంది. కౌంటర్ దగ్గర ఒక కాగితం ముందు పెట్టి సంతకం చేయమన్నారు. సొంత ఇష్టంతో దిగిపోతున్నామని అందులో ఉంది. టెన్షన్‌లో చదవకుండానే చేసేశాను. "నో షో కింద లెక్క మేడమ్, రూపాయి కూడా రాదు" అన్నారు. నో షో అంటే టికెట్ ఉండి కూడా విమానంలో వెళ్లనివాళ్లన్నమాట.

సాయంత్రం మా పిన్ని కొడుకుకి ఫోన్ చేశాను. వాడు విమానాల మెయింటెనెన్స్‌లో పనిచేస్తాడు. ఫొటో చూసి, "అది స్పీడ్ టేపు అక్కా" అన్నాడు. పల్చటి అల్యూమినియం రేకుకి గట్టి జిగురు పట్టించి చేస్తారట. 35 వేల అడుగుల ఎత్తులో బయట మైనస్ 50 డిగ్రీల కంటే కిందకి పోయే చలి ఉంటుంది, అంత వేగంతో గాలి కొడుతుంది, ఎండ నేరుగా పడుతుంది. వాటికి తట్టుకునేలా తయారైన టేపు అది. రెక్కని పట్టి ఉంచడానికి కాదు దాన్ని వేసేది. పెయింట్ లేచిపోయిన చోట, సందుల్ని మూసే సీలెంట్ ఊడిన చోట, బరువు మోయని పైభాగాల మీద నీళ్లు, గాలి లోపలికి పోకుండా వేస్తారు. బోయింగ్ 787 లాంటి కార్బన్ ఫైబర్ రెక్కల మీద ఎండకి పెయింట్ పొరలు లేస్తే, అసలు పెయింటింగ్ అయ్యేదాకా దాన్నే అతికించడం మామూలేనట. ఎక్కడ వేయొచ్చు, ఎంత మేర వేయొచ్చు, మళ్లీ ఎప్పుడు చూడాలి అన్నవి విమానం తయారుచేసిన కంపెనీ మాన్యువల్స్‌లో రాసి ఉంటాయి. వేసిన సంగతి రికార్డులో రాసి, లైసెన్సున్న ఇంజనీర్ సంతకం పెట్టాలి.

ఆ ముక్క ఆ అమ్మాయి నాకు చెప్పి ఉంటే అమ్మ దిగేది కాదు. అర నిమిషం పట్టే మాట.

అయితే లేచిన మూల సంగతేంటని అడిగాను. "అది మాత్రం చెప్పాల్సిందే" అన్నాడు వాడు. ఊడిపోయినంత మాత్రాన విమానం పడిపోదు గానీ, లేచిన అంచుని ఇంజనీర్ ఒకసారి చూసి నొక్కాలో, తీసి మళ్లీ వేయాలో తేల్చాలి. ప్రయాణికులు చెప్పింది పైలట్ దాకా చేరకపోతే ఏమవుతుందో కూడా చెప్పాడు. 1989 మార్చి 10న కెనడాలోని డ్రైడెన్‌లో ఎయిర్ ఒంటారియో విమానం రెక్కల మీద మంచు పేరుకుపోయింది. లోపల కూర్చున్నవాళ్లు కిటికీల్లోంచి చూశారు. ఆ మాట కాక్‌పిట్ దాకా వెళ్లలేదు. విమానం లేచిన కాసేపటికే కూలి 24 మంది చనిపోయారు. టేపు గురించైతే, 1996 అక్టోబర్ 2న పెరూలో ఏరోపెరూ 603 విమానం సంగతి చెప్పాడు. విమానం కడిగేటప్పుడు, ఎత్తు, వేగం లెక్కకట్టడానికి బయటి గాలి ఒత్తిడిని కొలిచే స్టాటిక్ పోర్టులనే చిన్న రంధ్రాల మీద అతికించిన టేపుని తీయడం మరిచిపోయారు. పైలట్లకి ఎత్తు, వేగం తప్పుగా కనిపించి విమానం సముద్రంలో పడింది, 70 మంది పోయారు. అది రిపేరు టేపు కాదు, తీయాల్సి ఉండి తీయని టేపు. అందుకే, కనబడింది చెప్పడానికి మొహమాటపడకండి. చెప్పాల్సింది తలుపులు మూయకముందే. "విమానం బాగాలేదు" అంటే ఎవరూ పట్టించుకోరు. "కుడి రెక్క వెనక అంచు దగ్గర టేపు మూల లేచింది, కెప్టెన్‌కి చెప్పండి" అనండి. మొదటి మనిషి వినకపోతే సీనియర్‌ని పిలవమనండి. నేను ఆ పని చేయలేదు, ఒక్క 'నార్మలే'తో నోరు మూసుకున్నాను.

ఇక డబ్బు విషయం. రూపాయి కూడా రాదన్నది అబద్ధం. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం నో షో అయినా, టికెట్ నాన్ రిఫండబుల్ అయినా, ప్రభుత్వ పన్నులు, ఎయిర్‌పోర్టు వసూలు చేసే యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు లాంటివి వెనక్కి ఇవ్వాల్సిందే. ఆఫర్ టికెట్లకి కూడా ఇదే రూలు. క్యాన్సిలేషన్ చార్జీ ఎంత వేసినా బేసిక్ ఫేర్ (పన్నులు, ఫీజులు కలపని అసలు టికెట్ ధర), ఫ్యూయల్ సర్‌చార్జి (ఇంధనం పేరుతో వేసే అదనపు చార్జీ) కలిపినంతకి మించకూడదు. నేను టికెట్లు ఒక బుకింగ్ యాప్‌లో కొన్నాను, వాళ్లు ఎయిర్‌లైన్స్‌ని అడగమన్నారు, ఎయిర్‌లైన్స్ యాప్‌ని అడగమంది. నాలుగు రోజులు ఇలా తిప్పాక, పౌర విమానయాన శాఖ ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్‌సేవాలో ఫిర్యాదు పెట్టాను. పన్నుల మొత్తం వారంలోపే అకౌంట్లో పడింది. ఎవరూ తమంతట తాము ఇవ్వలేదు, అడిగితే ఇచ్చారు.

కౌంటర్ దగ్గర ఏ కాగితం ఇచ్చినా చదివాకే సంతకం చేయండి. అందులో మీరు దిగడానికి కారణం రాయకపోతే మీ చేత్తో రాయండి, ఫొటో తీసుకోండి. "రెక్క మీద టేపు లేచిందని చెప్పినా సమాధానం రాలేదు" అని ఒక్క లైను నేను రాసి ఉంటే ఈరోజు నా చేతిలో ఆధారం ఉండేది. ఇప్పుడు వాళ్ల రికార్డులో మేం ఊరికే భయపడి దిగిపోయినవాళ్లం. బోర్డింగ్ పాస్ ముక్క కూడా పారేయకండి.

అమ్మ, అత్తయ్య వచ్చే నెల సికింద్రాబాద్ నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తామంటున్నారు, టికెట్లు తీశాను. బేసిక్ ఫేర్ కోసం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ఏం తేలిందో రాస్తాను. ఇలాగే దిగిపోయి డబ్బు వెనక్కి తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి, నాకు పనికొస్తుంది.