ఫ్లాట్‌బెడ్ లారీకి సొంత అథారిటీయా, కంపెనీ కింద లీజా?

అమెరికాలో ఫ్లాట్‌బెడ్ లారీ, అంటే గోడలూ కప్పూ లేని బల్లపరుపు లారీ, కొన్నవారికి దారులు రెండు. సమాఖ్య ప్రభుత్వం నుంచి అథారిటీ, అంటే సొంత పేరు మీద సరుకు మోసే అనుమతి, తీసుకోవడం ఒకటి. లారీని ఏదైనా రవాణా కంపెనీకి లీజుకిచ్చి, దాని అనుమతి మీద నడపడం రెండోది. సొంత లారీ నడుపుకొనేవారిని రాబడి ఎంతని అడిగితే, ‘మైలుకు రెండున్నర డాలర్లు’ అనేస్తారు. అది సరుకుతో తిరిగిన మైలు లెక్క. ఉక్కు చుట్టలు దించిన ఊళ్లో మళ్లీ లోడు దొరకక పక్క రాష్ట్రం దాకా ఖాళీగా పోయిన మైళ్ల ఊసు ఎవరూ ఎత్తరు. డీజిలు మాత్రం వాటికీ అయిపోతుంది. ఏడాదికి లక్ష మైళ్లు తిరిగి, అందులో 15 శాతం ఖాళీ అనుకుంటే, ఆ రెండున్నర కాస్తా 2.12 అవుతుంది.

ఎవరికైనా తప్పని ఖర్చులు ముందు తీసేద్దాం. గాలను 3.75 డాలర్లు, గాలనుకు ఆరుంబావు మైళ్లు అనుకుంటే డీజిలుకు మైలుకు 60 సెంట్లు. లారీ వాయిదా 24, ట్రెయిలరుకు 8, టైర్లకూ మరమ్మతులకూ 20. వెరసి 1.12 డాలర్లు.

కంపెనీ కింద లీజుకు నడిపితే, లోడు డబ్బులో 75 శాతం మీ వాటా అనుకోండి. చేతికొచ్చేది 1.59. ప్రధాన బీమా కంపెనీదే. చిన్న బీమాలు, టోళ్లు కలిపి మరో 10 సెంట్లు. మిగిలేది మైలుకు 37 సెంట్లు, అంటే ఏడాదికి 37 వేల డాలర్లు. స్వయం ఉపాధి పన్ను 15.3 శాతం, ఆదాయపు పన్ను ఇందులోంచే కట్టాలి.

సొంత అథారిటీకి దరఖాస్తు రుసుము 300 డాలర్లే. అసలు దెబ్బ బీమాది. చట్టం అడిగేది 7.5 లక్షల డాలర్ల పూచీయే అయినా, లోడ్లు కుదిర్చే బ్రోకర్లు 10 లక్షలకు తగ్గితే లోడు ఇవ్వరు. కొత్తవారి ప్రీమియం ఏడాదికి 18 వేలనుకుంటే మైలుకు 18 సెంట్లు. బిల్లు డబ్బు ముందే ఇచ్చే ఫ్యాక్టరింగుకు 6, మిగతా చిల్లర ఖర్చులకు 9. అయినా 67 సెంట్లు మిగులుతాయి. దాదాపు రెట్టింపు!

ఆ లెక్క రెండున్నర దొరికినంత కాలమే. కొత్త అథారిటీని నమ్మని బ్రోకర్లు చాలామంది. 2.25కు ఒప్పుకుని, ఖాళీ మైళ్లు 20 శాతానికి చేరితే, బిల్లుతోపాటు ఫ్యాక్టరింగు 5 సెంట్లకు తగ్గినా మిగిలేది 36 సెంట్లు. లీజు కంటే ఒక సెంటు తక్కువ, తలనొప్పి మాత్రం మొత్తం మీదే. అందుకే మొదటి రెండేళ్లూ నా ఓటు లీజుకే. కలప మిల్లో, ఉక్కు గోదామో బ్రోకరు లేకుండా నేరుగా సరుకు ఇస్తామన్న రోజున అథారిటీ తీసుకోవచ్చు.

కంపెనీయే లారీని వాయిదాల మీద అంటగట్టి తన సరుకే మోయించుకునే మూడో పద్ధతి జోలికి మాత్రం పోవద్దు. దాన్ని నిషేధించాలని సమాఖ్య ప్రభుత్వం వేసిన కార్యబృందమే 2025 జనవరిలో సిఫారసు చేసింది.

ఏ దారైనా లోడు ఒప్పుకునే ముందు టార్పాలిన్ కప్పడానికి విడిగా ఎంతిస్తారో అడగండి. ఒక్కొక్కటి 40 కిలోల పైన కూడా ఉండొచ్చు. ఈదురుగాలిలో దాన్ని కలప మీదికి లాగి కట్టేసరికి రెండు గంటలు పోతాయి, లారీ ఒక్క మైలైనా కదలకుండానే.